కూత డబ్బా

మా మేనత్త చేపలమ్ముతుంది. శ్రీకూర్మం దాటి కాస్త ముందుకెళితే సముద్రం ఒడ్డున మా వాళ్ళ ఊరు. పడవలు ఒడ్డుకు రాగానే గంప నింపుకుని, ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు సంపాదించి, శ్రీకాకుళంలో మేముండే కాలనీలో దిగుతుంది. నేను ఊరి బయట పొలాల మధ్య కట్టిన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. మా వంశంలో వల ముట్టకుండా జీతం తీసుకుంటున్న మొదటి మగాణ్ణి నేనే. ఈ మాట మా అత్త నలుగురిలో తరచుగా అంటుంది. పొగుడుతోందో దెప్పుతోందో ఇన్నేళ్ళలో నాకు తేలలేదు.

ఆవిడ కూత మా కాలనీకి బాగా అలవాటు. 'సేపలో' అనే ఒక్క మాటే. నేలబారుగా మొదలై, మేడ మెట్లెక్కినట్టు పైకి పోయి, చివర్లో చిన్న విరుపుతో తెగేది. ఇంట్లో మిక్సీ తిరుగుతున్నా ఆ విరుపు మాత్రం వినబడేది. అది వినగానే, పప్పుచారుతో సరిపెట్టుకుందామనుకున్న ఇళ్ళు కూడా మనసు మార్చుకునేవి.

మొన్నటి ఎండాకాలంలో ఆ గొంతు పోయింది. ముందు బొంగురుపోయింది. తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు గొంతులోకి సన్న గొట్టం పెట్టి చూసి, అరిచి అరిచి లోపల కాయలు కాశాయనీ, కొన్ని నెలలపాటు అరవకూడదనీ చెప్పాడు. మామూలు మాటలు కూడా బాగా తగ్గించాలన్నాడు. ఈ రెండో షరతు విని మా మావయ్య డాక్టరుకి రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

అరవకపోతే చేపలెలా అమ్ముడుపోతాయి? ఈ రోజుల్లో దానికి జవాబు బజార్లోనే దొరుకుతుంది. ఉల్లిపాయల బండివాడు, పాత ఇనుము కొనేవాడు, రాలిన జుట్టు కొనేవాడు, అందరూ బండికి మైకు కట్టుకుని తిరుగుతున్నారు. లోపల రికార్డు చేసిన గొంతు అరుస్తూ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే ఉల్లిపాయలకీ జుట్టుకీ ఒకటే గొంతు. ఎవరో ఒకే మనిషి ఎక్కడో కూర్చుని ఆంధ్రదేశంలోని సరుకులన్నిటికీ అరిచి పెట్టాడన్నమాట. మా అత్తకి అది నచ్చలేదు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, గంప దించి, నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా అంది.

"ఆడెవడి గొంతుతోనో అమ్మితే ఆ సేపలు నావా, ఆడియా? పిల్లలకి ఏటేటో నేర్పుతన్నావు కదా. నాకో కూత సేసి పెట్టరా అల్లుడా. మనిసి గొంతొద్దు. ఇంటే మాత్రం నానొచ్చానని తెలవాల."

గొంతు గుసగుసలాడుతున్నా కళ్ళు అరుస్తూనే ఉన్నాయి. సరేనన్నాను.

మా లాబ్‌లో మైక్రోకంట్రోలర్ బోర్డులున్నాయి. అగ్గిపెట్టెంత పలక, దాని మీద గోరంత చిప్పు. మనం రాసిచ్చిన ప్రోగ్రాం ప్రకారం దాని కాళ్ళలాంటి పిన్నులకి కరెంటు ఇస్తుంది, తీసేస్తుంది. మా కాలేజీలో నాలుగేళ్ళు చదివిన పిల్లలు దానితో ఒక చిన్న దీపాన్ని వెలిగించి ఆర్పడం నేర్చుకుంటారు. ఆ తర్వాత హైదరాబాదో బెంగుళూరో వెళ్ళి ఉద్యోగాల్లో చేరి అది కూడా మర్చిపోతారు. దాపరికమెందుకు, నా పాండిత్యం కూడా ఆ దీపం దగ్గరే ఆగి ఉంది. కాకపోతే ఆ దీపం తీసేసి స్పీకరు తగిలించి, అదే వెలిగించడం ఆర్పడం సెకనుకి కొన్ని వందలసార్లు చేయిస్తే, స్పీకరులోని పొర అదిరి శబ్దం పుడుతుంది. జోరు పెంచితే స్వరం పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి దిగుతుంది. పుస్తకంలో ఇదంతా ఒక పేరాలో ఉంది. పిల్లలకి చాలాసార్లు చెప్పాను. చేసి చూడటం మాత్రం అదే మొదలు.

మొదటి కూత 'పీ పీ పీ' అని వచ్చింది. అత్త దాన్ని గంపలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళగానే జనం వెనక్కి చూసుకుంటూ పక్కకి తప్పుకున్నారు. వెనక్కి వస్తున్న కారనుకున్నారు. రెండోసారి కాస్త సొంపుగా ఉండాలని స్వరాలు మార్చాను. అది విని ప్రతివాళ్ళూ జేబులు తడుముకుని ఫోన్లు తీసి చూసుకున్నారు. మూడోసారి అసలు సిసలు పాటలా ఉండాలని నాలుగు స్వరాలు ఎక్కిస్తూ దించుతూ ఒక వరస కట్టాను. బాగానే కుదిరిందనుకున్నాను. కాలనీ ఆడవాళ్ళు కూడా గబగబా బయటికొచ్చారు. వచ్చినవాళ్ళ చేతుల్లో గిన్నెల బదులు చెత్తబుట్టలున్నాయి. నా వరస ఎక్కడో చెత్తబండి పాటని తాకిందట. మూడో ఇంటి ఇల్లాలు అయితే చూసుకోకుండా బుట్ట వంచేసింది. వంజరం చేప ముక్కల మీద వంకాయ తొడిమలు పడ్డాయి. డాక్టరు మాట ప్రకారం మా అత్త ఏమీ అనలేదు. గంప అక్కడే దించి, మా ఇంటిదాకా నడిచొచ్చి, ఒక వంకాయ తొడిమ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు మా ఆవిడ కల్పించుకుంది. "మీ అత్త కూత కావాలంటే మీ అత్త కూతే సెయ్యాలి గానీ, మధ్యలో మీ సంగీతమెందుకు?" అంది. ఆ కూతని ఎవరూ ఎప్పుడూ రికార్డు చేయలేదన్నాను. రికార్డెందుకు, నా సెవుల్లో ఉన్నాదంది. అని వంటింట్లో నిలబడి, నడుం మీద చేయి వేసుకుని, అచ్చంగా మా అత్తలాగే కూత వేసింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడకి ఆ విద్య ఉందని నాకు తెలియదు.

ఆ వారమంతా మా ఇంట్లో అదే పని. ఆవిడ కూయడం, నేను కంప్యూటర్లో అంకెలు సవరించి బోర్డుకి ఎక్కించడం, బోర్డు కూయడం, కాదంటే మళ్ళీ ఆవిడ కూయడం. ఎక్కడ మొదలవుతోంది, ఎంతసేపు పైకి పోతోంది, ఎక్కడ విరుగుతోంది, అన్నీ చెవితోనే పట్టుకున్నాం. మా ఎదురింట్లో ఒక పెద్ద గుమాస్తా గారున్నారు. కలెక్టరాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన ఒక సాయంత్రం నన్ను గేటు దగ్గర ఆపి, కాలేజీ వాళ్ళు జీతాలు సరిగ్గా ఇస్తున్నారా అని మెల్లగా అడిగారు. ఇస్తున్నారన్నాను. అయితే అమ్మాయి వ్యాపారంలోకి దిగాల్సిన అవసరమేమొచ్చిందని బాధపడ్డారు.

చివరికి కుదిరింది. మాట లేదు, అక్షరం లేదు, ఎక్కి విరిగే ఒక స్వరం మాత్రమే. దూరం నుంచి వింటే దూడ ఏడ్చినట్టుంది, దగ్గర్నుంచి వింటే సైకిలు పంపు నిట్టూర్చినట్టుంది. అయినా అది అత్త కూతే. బోర్డునీ బ్యాటరీనీ స్పీకరునీ ఖాళీ ఆవకాయ డబ్బాలో బిగించి, మూత మీద ఒక మీట పెట్టాను. డబ్బా ఎంత కడిగినా ఆవకాయ వాసన పోలేదు గానీ, గంపలో ఉండే వస్తువుకి వాసన పట్టింపు ఉండదని వదిలేశాను.

అత్త మీట నొక్కి వింది. మళ్ళీ నొక్కింది.

"నానింత ఏడుపుగొట్టుగా అరిసేదాన్నేటి?" అంది. డబ్బాని గంపలో పెట్టుకుని, "బాగున్నాది," అంది.

మర్నాడు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి చేతుల్లో గిన్నెలే ఉన్నాయి. కాలనీ దానికి కూత డబ్బా అని పేరు పెట్టుకుంది. కథ ఇక్కడితో అయిపోతే నేను సుఖంగా ఉండేవాణ్ణి.

మా విభాగాధిపతి గారి ఇల్లు మా కాలనీ చివరే. ఒక ఆదివారం ఆయన చేపలకోసం బయటికొచ్చి, డబ్బా చూసి, అది చేసింది నేనని విన్నారు. తన విభాగంలో పనిచేసే వస్తువొకటి తయారైందన్న వార్త ఆయన్ని నిలవనివ్వలేదు. సోమవారం పొద్దున్నే నన్ను పిలిపించి, విజయనగరంలో కాలేజీలన్నీ కలిసి నూతన ఆవిష్కరణల ప్రదర్శన పెడుతున్నాయని, మన తరఫున ఈ డబ్బాయే వెళుతుందని చెప్పారు. కానీ కూత డబ్బా అంటే మర్యాదగా ఉండదు కాబట్టి, దానికి 'స్మార్ట్ అకౌస్టిక్ వెండింగ్ అసిస్టెంట్' అని నామకరణం చేశారు. పోస్టరు మీద మేఘాలూ ఉపగ్రహం బొమ్మా వేయించారు. మన డబ్బాకి ఆకాశంతో సంబంధం లేదు కదా సార్ అన్నాను. ఉపగ్రహం లేని పోస్టరుని ఈ రోజుల్లో ఎవరూ నిలబడి చూడరన్నారు. తయారుచేసినవారి జాబితాలో ముందు ప్రిన్సిపాలు, తర్వాత ఆయన, ఆ తర్వాత ఎన్నడూ టంకం కడ్డీ పట్టుకోని నలుగురు విద్యార్థులు, అడుగున నేను. మా ఆవిడ పేరుండాలని నేనన్నది హాస్యం కింద కొట్టుకుపోయింది.

వస్తువుతోపాటు దానివల్ల బాగుపడిన మనిషిని కూడా చూపించాలిట. అలా మా అత్త విజయనగరం వచ్చింది. పట్టుచీర కట్టి, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది. పేదగా కనిపించమని చెప్పాల్సిందని మా విభాగాధిపతి గారు నా చెవిలో నొచ్చుకున్నారు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి ఆవిడ మాట్లాడనక్కర్లేదనీ, న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు నవ్వితే చాలనీ చెప్పి కూర్చోబెట్టాం.

ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన విద్యార్థుల్ని అది ఎలా పనిచేస్తుందని అడిగాడు. నలుగురూ ఉపగ్రహం వైపు చూశారు. ఆయన విసిగి అత్త వైపు తిరిగి, దీనివల్ల మీకేం లాభమమ్మా అన్నాడు. మా అత్త నవ్వలేదు. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ డబ్బా నేకపోతే మా ఇంటిల్లిపాదీ పస్తే బాబూ," అంది. ఆ జీరగొంతు ఎవరి గుండెనైనా పిండుతుంది. "గొంతు పోయి మూల కూకున్నాను. సావే గతి అనుకున్నాను. ఈ సారోలు దేవుళ్ళలాగొచ్చి నాకు గొంతిచ్చినారు."

మా మావయ్యకి పడవలో వాటా ఉంది. ఊళ్ళో డాబా ఉంది. ఆవిడ మూల కూర్చోవడం నేను పుట్టి ఎరగను. నేను నేల చూపులు చూస్తుంటే, మా విభాగాధిపతి గారు మాత్రం నిజంగానే దేవుడయినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అత్త అదే ఊపులో, ఆయన ఇల్లు ఇజినారంలో ఎక్కడో కనుక్కుని, మంచి వంజరం దొరికిన రోజున బస్సులో పంపిస్తానని మాటిచ్చింది.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది, వాన పడుతోందని పైకి చెప్పే గొడుగుకి పోయింది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వేశారు. అత్త ఒక చేత్తో డబ్బా, రెండో చేత్తో చేప పట్టుకుని ఉంది. చేప ఫొటోలో ఉంటే బాగుంటుందని మా విభాగాధిపతి గారే తెప్పించారు. రాసినవాడికి డబ్బాకీ చేపకీ ఉన్న సంబంధం ఎవరూ చెప్పలేదేమో, తనకు తోచింది రాసేశాడు. చేప తాజాదో కాదో కనిపెట్టే పరికరమనీ, చేప మంచిదైతే శబ్దం చేస్తుందనీ కింద అచ్చయింది. నేను కంగారుగా మా విభాగాధిపతి గారికి ఫోన్ చేసి, తప్పు సవరించమని పేపరువాళ్ళని అడుగుదామన్నాను. సవరణ వేస్తే లోపలి పేజీలో చిన్నగా వేస్తారయ్యా, ఫొటో కూడా ఉండదు, వదిలెయ్ అన్నారు.

అత్తకి చదువు రాదు. మా ఆవిడ చదివి వినిపించింది. మరొక్కసారి చదవమంది. తర్వాత ఆ ముక్క కత్తిరించి, ప్లాస్టిక్ అతికించి ఇమ్మని నాకిచ్చింది.

ఆ మర్నాడు నేను కాలేజీకి బయలుదేరుతుంటే వీధి మలుపులో గంప చుట్టూ జనం మూగి ఉన్నారు. బండి ఆపి చూశాను. చెత్తబుట్ట వంచిన ఇల్లాలే ఒక చేప పట్టుకుని, డబ్బా పెట్టి చూపించమంటోంది. మా అత్త డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు చేప మొప్పల దగ్గర డబ్బా ఆనించి, ఒక క్షణం కళ్ళు మూసుకుని, మీట నొక్కింది. డబ్బా కూసింది. ఇల్లాలు తృప్తిగా గిన్నె చాచింది.

సాయంత్రం అత్తని ఇంటికి పిలిచి కూర్చోబెట్టాను. అది చేపని చూడదనీ, నువ్వు మీట నొక్కితే కూస్తుందనీ, అంతకంటే దానికేమీ తెలియదనీ విడమరిచి చెప్పాను. నమ్మకం లేకపోతే రాయి మీద పెట్టి నొక్కు, అయినా కూస్తుందన్నాను.

"రాయి కుళ్ళుతాదేటి?" అంది.

జనాన్ని మోసం చేస్తున్నావని మాత్రం అనగలిగాను.

"నా సేప మంచిది. డబ్బా కూసింది. రెండూ నిజిమే కదా," అంది. "మద్దిన నీకొచ్చిన బాదేటి?"

మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంటోంది. వాళ్ళిద్దరూ కలిశాక మా ఇంట్లో నా చదువు చెల్లదు.

ఆవిడ చేప మంచిదే కాబట్టి కొన్నాళ్ళు ఏ గొడవా రాలేదు. చివరికి ఎదురింటి పెద్ద గుమాస్తా గారి ఇంట్లో వచ్చింది. ఆయన కొన్న చేపలో సగం ఫ్రిజ్‌లో దాచి, తీరిగ్గా వారం తర్వాత వండించుకుని తిని, రెండు రోజులు మంచం దిగలేదు. లేవగానే మిగిలిన ముక్కని సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చారు. డబ్బా కూసిన చేప ఇలా చేయడమేమిటి, యంత్రంలో ఏదో లోపముందేమో పరీక్షించమన్నారు. ఇక దాచి లాభం లేదని ఆయన్ని కూర్చోబెట్టి, లాబ్ నుంచి తెచ్చుకున్న మరో బోర్డు చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఇందులో చేపని పసిగట్టేది ఏదీ లేదండీ, పేపర్లో తప్పు పడిందన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, చుట్టూ చూసి, నా భుజం మీద చేయి వేశారు.

"అసలు సంగతి బయటికి చెప్పకూడదని మీ కాలేజీ వాళ్ళ ఆంక్ష అన్నమాట. నాకర్థమైంది బాబూ. నేనూ ఆఫీసులో పనిచేసినవాణ్ణే," అన్నారు.

ఈ సంగతి కాలేజీలో చెబితే నలుగురూ నవ్వుకుంటారనుకున్నాను. మా విభాగాధిపతి గారు నవ్వలేదు. కళ్ళు మెరిశాయి. పేపరువాడు మనకి దారి చూపించాడయ్యా, ఇదే మన రెండో దశ అన్నారు. నిజంగానే వాసన పసిగట్టే సెన్సరు తెప్పించి, చేప కుళ్ళితే ఒక కూత, బాగుంటే ఇంకో కూత వచ్చేట్టు చేయమని నాకు పురమాయించారు. చేపలు మా అత్తే సరఫరా చేసింది. పోల్చి చూడటానికి కుళ్ళిన చేపలు కూడా కావాలని కబురు పంపితే ఆవిడకి కోపం వచ్చింది. తన గంపలో కుళ్ళినది ఉండదనీ, కావాలంటే మంచిదే కొనుక్కుని మీరే కుళ్ళబెట్టుకోండనీ చెప్పి పంపింది. అలాగే కుళ్ళబెట్టుకున్నాం. పక్కనున్న సివిల్ విభాగం వాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు. వాసన పోవడానికి అటెండరు లాబ్‌లో సాంబ్రాణి వేశాడు. అప్పటిదాకా ఏ చేపకీ పలకని సెన్సరు, సాంబ్రాణి పొగకి మాత్రం ఆగకుండా కూసింది. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని నివేదిక వెళ్ళింది. తాజాదనానికి సాంబ్రాణితో ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం రాయమని కూడా నన్నడిగారు. రాస్తానని చెప్పి తప్పించుకు తిరుగుతున్నాను.

వానలు తగ్గాక అత్తకి గొంతు తిరిగొచ్చింది. మునుపటంత కాదు, చివర విరుపులో కాస్త జీర మిగిలిపోయింది. డాక్టరు మితంగా అరవొచ్చన్నాడు. మితమంటే ఏమిటో ఆవిడ అడగలేదు. ఇప్పుడు కూత తన గొంతుతోనే వేస్తోంది. అయినా డబ్బాని ఇంటి దగ్గర వదిలి రాదు. అది చేపల్ని పరీక్షించడానికే కదా. ఒకరోజు బ్యాటరీ అయిపోయి డబ్బా మూగబోతే, ఆ పూట గంపలో సగం చేపలు మిగిలిపోయాయి. అందరూ అవి పాడైపోయాయనే అనుకున్నారు. ఆ సాయంత్రం అత్త నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లతో, డాక్టరు చేసిన వైద్యం బాగానే పనిచేసిందని తెలిసింది.

పెద్ద గుమాస్తా గారు మాత్రం ఇప్పటికీ ఎక్కడ చేప కొన్నా, బజారులో కొన్నా సరే, సంచి పట్టుకుని మా గేటు తీస్తారు. మొదట్లో ప్రతిసారీ నిజం చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ ఆయన కన్నుగీటి, సరే సరే, మీ ఇబ్బంది నాకు తెలుసు, ముందు ఒకసారి పెట్టి చూడండి అనేవారు. ఇప్పుడు చెప్పడం మానేశాను. నా దగ్గరున్న ఆ రెండో బోర్డుని కూడా ఒక డబ్బాలో బిగించి పెట్టుకున్నాను. చేపని తీసుకుని, చిన్నప్పుడు ఒడ్డున నేర్చుకున్నట్టు మొప్పలెత్తి ఎరుపు చూస్తాను, కళ్ళు లోపలికి పోయాయేమో చూస్తాను, వేలితో నొక్కి కండ తిరిగి లేస్తోందో లేదో చూస్తాను. ఆయన అటు చూడరు. ఆయన చూపంతా డబ్బా మీదే. బాగుంటే మీట నొక్కుతాను. బాగోకపోతే నొక్కినట్టు నటిస్తాను. ఆయన చెవి ఒగ్గి విని, తల పంకించి, సంచి ముడివేసుకుని వెళ్ళిపోతారు.